చారచక్షువు - జాన్ కెనెడీ

మన పూర్వులు రాజును చారచక్షువు అన్నారు. సామాన్యుడు తన కన్నులతో లోకాన్ని చూస్తాడు. రాజు తన చారుల కన్నులతో చూస్తాడని ఆ మాటకు అర్థం. చారులు తెచ్చే వార్తలను తెలుసుకోవడానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు దినచర్యలోనే ఒక వేళను కేటాయించాడు. రాజ్యాలు పోయి ప్రజాస్వామ్యాలు వచ్చినా ఆ అవసరం తీరలేదు. పైగా అణ్వస్త్రాలు పుట్టిన తరువాత, పాలకునికి చేరే వార్తలో ఒక్క పొరపాటు దొర్లినా, విన్న వార్తకు అతడు తొందరపడి స్పందించినా, ఆ ఫలితం ఒక్క దేశంతో ఆగని పరిస్థితి ఏర్పడింది. ఈ సత్యాన్ని అనుభవపూర్వకంగా గ్రహించిన నాయకుడు అమెరికా 35వ అధ్యక్షుడు జాన్ ఫిట్జెరాల్డ్ కెనెడీ.

కెనెడీ 1917 మే 29న మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి చేరువలో ఉన్న బ్రూక్‌లైన్‌లో జన్మించాడు. తల్లి రోజ్, తండ్రి జోసెఫ్. తొమ్మిదిమంది సంతానంలో ఆయన రెండవవాడు. సంపన్న కుటుంబంలో పుట్టినా బాల్యం నుండి అనారోగ్యం ఆయనను వెంటాడింది. మంచం పట్టిన రోజులలో పుస్తకాలే ఆయనకు తోడయ్యాయి. 1938లో తండ్రి ఇంగ్లండులో అమెరికా రాయబారిగా నియమితుడయ్యాడు. ఆ కారణంగా ఐరోపా యుద్ధం వైపు సాగిపోవడాన్ని కెనెడీ దగ్గరనుండి గమనించగలిగాడు. హిట్లర్ బలపడుతున్నా ఇంగ్లండు సకాలంలో ఎందుకు సన్నద్ధం కాలేదన్న ప్రశ్నను తీసుకొని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సిద్ధాంత వ్యాసం రాశాడు. అది 1940లో పుస్తకంగా వెలువడింది. ముంచుకొస్తున్న ముప్పును దేశాలు ఎందుకు గుర్తించలేకపోతాయన్న ఆలోచన ఆ విధంగా యౌవనంలోనే ఆయన మనసులో నాటుకొన్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలో కెనెడీ నౌకాదళంలో చేరాడు. 1943 ఆగస్టు 2వ తేదీ రాత్రి చీకటిలో, సాలమన్ దీవుల వద్ద, ఆయన నాయకత్వంలోని చిన్న యుద్ధపడవను జపాను యుద్ధనౌక ఢీకొని రెండుగా చీల్చింది. ఇద్దరు నావికులు మరణించారు. మిగిలినవారు ఈదుతూ ఒక దీవికి చేరుకొన్నారు. తీవ్రంగా గాయపడిన సహచరుని రక్షణ కవచపు పట్టీని పళ్లతో కరచిపట్టి, కెనెడీ గంటల తరబడి ఈదుతూ అతనిని ఒడ్డుకు చేర్చాడు. యుద్ధం అంటే ఏమిటో ఆయన పుస్తకాలలో మాత్రమే చదివి తెలుసుకోలేదు.

1946లో ప్రతినిధుల సభకు, 1952లో సెనేటుకు ఎన్నికైన కెనెడీ, 1960 నవంబరు ఎన్నికలలో రిచర్డ్ నిక్సన్‌ను ఓడించి, 1961 జనవరి 20న అధ్యక్షపదవిని చేపట్టాడు. అప్పటికి ఆయన వయస్సు 43 ఏళ్లు. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం తీవ్రంగా సాగుతున్న కాలమది.

పదవిలోకి వచ్చిన మూడు నెలలకే ఆయనకు పరాభవం ఎదురైంది. క్యూబాలో ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వాన్ని కూలదోయడానికి గూఢచార సంస్థ సి.ఐ.ఎ. అంతకుముందే ఒక పథకం సిద్ధం చేసింది. కెనెడీ దానికి అనుమతి ఇచ్చాడు. 1961 ఏప్రిల్ 17న సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులు బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగారు. మూడు రోజులు గడవకముందే వారు ఓడిపోయారు. వందమందికి పైగా మరణించారు. 1,100 మందికి పైగా బందీలయ్యారు. నిపుణుల అంచనాలను తగినంతగా ప్రశ్నించకుండా అంగీకరించడమే తన తప్పని కెనెడీ గ్రహించాడు. ఓటమికి బాధ్యత తనదేనని ప్రజల ఎదుట అంగీకరించాడు.

ఆ రోజులలో అధ్యక్షుని బల్ల మీదకు వివిధ శాఖల నుండి నివేదికలు కుప్పలుగా వచ్చేవి. ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చుకోవడం కష్టమయ్యేది. ముఖ్యమైన సమాచారమంతా ఒకేచోట, సరళమైన భాషలో, జేబులో ఇమిడే పరిమాణంలో కావాలని ఆయన సైనిక సహాయకుడు చెస్టర్ క్లిఫ్టన్ సి.ఐ.ఎ.ను కోరాడు. రిచర్డ్ లేమన్ అనే అధికారి అటువంటి పత్రాన్ని రూపొందించాడు. తొలి పత్రం 1961 జూన్ 17న, వర్జీనియాలోని విడిది గృహంలో ఉన్న కెనెడీ చేతికి అందింది. ఈతకొలను పక్కన కూర్చొని ఆయన దానిని చదివాడు. తనకు నచ్చిందని చెప్పాడు. నాటినుండి ఆ పత్రం ఆయన దినచర్యలో భాగమైంది. ఆంగ్లంలో దాని పేరులోని తొలి అక్షరాలను కలిపి పలికితే ఊరగాయ అనే అర్థం వచ్చే పికిల్ అన్న మాట ధ్వనించేది. అధికారులు దానిని చమత్కారంగా ఆ పేరుతోనే పిలుచుకొనేవారు. కెనెడీ ఆ పత్రాన్ని చదివి ఊరుకొనేవాడు కాదు. సందేహాలు అడిగేవాడు, మరిన్ని వివరాలు కోరేవాడు. ఆ ప్రశ్నలను బట్టి మరుసటి పత్రాలు మెరుగుపడేవి.

అయితే చారుల కన్నులు కూడా ఒక్కొక్కసారి మోసపోతాయి. సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులను నిలిపే అవకాశం తక్కువని 1962 సెప్టెంబరులో గూఢచార శాఖలు అంచనా వేశాయి. సి.ఐ.ఎ. అధిపతి జాన్ మెకోన్ ఒక్కడే అందుకు భిన్నంగా అనుమానించాడు. అక్టోబరు 14న, సుమారు 70,000 అడుగుల ఎత్తున ఎగిరే యు-2 విమానం క్యూబా మీదుగా సాగి ఛాయాచిత్రాలు తీసింది. మరునాడు వాటిని పరిశీలించిన నిపుణులకు క్షిపణి స్థావరాలు కనిపించాయి. అక్టోబరు 16 ఉదయం ఆ వార్త కెనెడీకి అందింది. ఆ క్షిపణులు రాజధాని వాషింగ్టన్‌ను చేరగలవు.

తరువాతి పదమూడు రోజులు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. వెంటనే విమానదాడి చేయాలని సైనికాధిపతులు పట్టుబట్టారు. కెనెడీ తొందరపడలేదు. సలహాదారులందరి వాదాలనూ విన్నాడు. ప్రతి మార్గంలోనూ తరువాత ఏమి జరుగుతుందని ప్రశ్నించాడు. చివరకు ఆయుధాలు మోసే ఓడలను సముద్రం మీదనే అడ్డగించాలని నిర్ణయించి, 22వ తేదీన ఆ సంగతిని దేశప్రజలకు ప్రకటించాడు. అదే వారంలో, అక్టోబరు 20న, చైనా మన దేశ సరిహద్దులపై దాడి చేసింది. భారత ప్రభుత్వం కోరగా నవంబరులో కెనెడీ విమానాల ద్వారా మనకు ఆయుధ సహాయం పంపించాడు.

అక్టోబరు 27న క్యూబాపై ఎగురుతున్న యు-2 విమానం కూల్చివేతకు గురై, అందులోని అధికారి మరణించాడు. ప్రతీకారం తీర్చుకోవాలన్న ఒత్తిడి పెరిగింది. అయినా కెనెడీ నిగ్రహం వహించాడు. టర్కీలోని అమెరికా క్షిపణులను తొలగిస్తామని రహస్యంగా హామీ ఇచ్చాడు. క్యూబాపై దండెత్తబోమని మాట ఇచ్చాడు. 28న సోవియట్ అధినేత కృశ్చేవ్ తన క్షిపణులను వెనుకకు తీసుకోవడానికి అంగీకరించాడు.

క్యూబాలో ఆనాడు 40,000 మందికి పైగా సోవియట్ సైనికులు ఉన్నారన్న విషయం, దండెత్తి వచ్చే సేనలపై ప్రయోగించడానికి చిన్నతరహా అణ్వస్త్రాలు కూడా అక్కడ సిద్ధంగా ఉన్నాయన్న విషయం చాలా ఏళ్ల తరువాత గాని లోకానికి తెలియలేదు. ఆ అణ్వస్త్రాలు అక్కడ సిద్ధంగా ఉన్నాయని ఆనాడు కెనెడీకి నిశ్చయంగా తెలియదు. ఆనాడు దాడి జరిగి ఉంటే అణుయుద్ధం తప్పేది కాదేమో! వార్త తెలియజేసిన దానికన్నా, తనకు తెలియనిది ఇంకా ఉండవచ్చునన్న వివేకమే ప్రపంచాన్ని ఎక్కువగా కాపాడింది.

ఆ అనుభవం కెనెడీని శాంతి మార్గం వైపు నడిపించింది. సంక్షోభ సమయంలో ఇరుదేశాల నాయకుల సందేశాలు చేరడానికి గంటలు పట్టాయి. అందుచేత 1963లో రెండు రాజధానుల మధ్య ప్రత్యేక తంతి మార్గం ఏర్పడింది. గాలిలో, అంతరిక్షంలో, నీటిలో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందంపై అదే ఏడాది ఆగస్టు 5న అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్‌లు సంతకాలు చేశాయి.

1963 నవంబరు 22న డల్లాస్ నగరంలో హంతకుని తూటాలకు కెనెడీ బలయ్యాడు. ఆనాటి పత్రంలో అధికారులు వార్తలకు బదులు ఆయనకు నివాళి రాసి ఉంచారు. ఉపాధ్యక్షుడుగా ఉన్న లిండన్ జాన్సన్‌కు అంతవరకు ఆ పత్రం చూపలేదు; అధ్యక్షుడైన తరువాతనే ఆయనకు అది అందింది. 1964 డిసెంబరులో దాని రూపం, పేరు మారినా, ఆ సంప్రదాయం నేటికీ కొనసాగుతున్నది. ఇద్దరు అధ్యక్షుల కాలంనాటి సుమారు 2,500 పత్రాలను 2015లో ప్రజలకు వెల్లడి చేశారు.

వార్త కన్ను వంటిది. వివేకం చూపు వంటిది. కన్ను ఉన్నంత మాత్రాన దారి కనబడదు. ఒక ఓటమి నుండి ప్రశ్నించడం నేర్చుకొని, ఆ ప్రశ్నతోనే మహావిపత్తును తప్పించిన కెనెడీ జీవితం, పాలకులకే గాక నిర్ణయం తీసుకోవలసిన ప్రతి ఒక్కరికీ మార్గదర్శకం.

ప్రశ్నలు
1. బే ఆఫ్ పిగ్స్ ఓటమి కెనెడీ ఆలోచనా విధానంలో తెచ్చిన మార్పును వివరించండి.
2. క్యూబా క్షిపణి సంక్షోభంలో కెనెడీ ప్రదర్శించిన నిగ్రహాన్ని మీ మాటలలో రాయండి.
3. చారచక్షువు అన్న శీర్షిక ఈ పాఠానికి ఎంతవరకు తగినదో చర్చించండి.