రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - జూలై 5, 1905) ప్రఖ్యాత భారతీయ ఛాయాచిత్రకారుడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా హైదరాబాదు సంస్థానపు దర్బారులను, రాచవేడుకలను చిత్రించాడు. నాటి సమాజములోని అంతస్తుల తేడాలు ఈయన చిత్రాలలో స్పష్టముగా కనిపిస్తాయి.

తొలి జీవితము

దీన్ దయాళ్ మీరట్ సమీపములోని సర్ధానాలో ఒక జైన కుటుంబములో జన్మించాడు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో ప్రజాపనుల శాఖలో చేరాడు. తీరిక వేళల అభిరుచిగా మొదలైన ఛాయాగ్రహణము, ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ మరియు బ్రిటిషు అధికారి సర్ హెన్రీ డాలీల ప్రోత్సాహముతో వృత్తిగా మారింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి మధ్య భారతములోని ప్రాచీన కట్టడాలను చిత్రించాడు.

హైదరాబాదులో

1886లో సికందరాబాదులో స్టూడియో ప్రారంభించాడు. నిజాము ఈయనకు రాజా బిరుదముతో పాటు ముసవ్విర్ జంగ్ బహాదూర్ అనే బిరుదమును ప్రదానము చేశాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో నెలకొల్పాడు. 1897లో విక్టోరియా మహారాణి నుండి రాజ నియామక పత్రము లభించింది.

చిత్రాలలో సమాజము

దర్బారు చిత్రాలలో ఎవరు ఎక్కడ ఉండవలెనో హోదాయే నిర్ణయించేది. ప్రభువు, బ్రిటిషు ప్రతినిధులు మధ్యన ఆసీనులు కాగా, అమీరులు వారికి ఇరువైపులా ఉండేవారు. చిన్న అధికారులు, సేవకులు వెనుకనో అంచులలోనో నిలబడేవారు. నిజాము వేటకు, వైస్రాయి లార్డ్ కర్జన్ 1902 నాటి హైదరాబాదు పర్యటనకు సంబంధించిన చిత్రాలు ప్రసిద్ధి చెందాయి.

పరదా పాటించే స్త్రీల కొరకు ఈయన హైదరాబాదులో ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో ఏర్పాటు చేశాడు. అందులో ఒక ఆంగ్ల వనిత చిత్రాలు తీసేది. మరొకవైపు, కరువు కాలములో సంస్థానము చేపట్టిన సహాయ కార్యక్రమాలను కూడా దీన్ దయాళ్ స్టూడియో చిత్రించింది. దర్బారు చిత్రాలలో స్థానము దొరకని పేదలు వీటిలో కనిపిస్తారు. అయితే ఇవి కూడా ప్రభుత్వము తరఫున తీసినవే. కనుక పేదల దుస్థితితో పాటు పాలకుల ఔదార్యమును చాటడము వీటి ఉద్దేశము.

వారసత్వము

దీన్ దయాళ్ కుమారుడు జ్ఞాన్ చంద్ సికందరాబాదు స్టూడియోను నిర్వహించాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజు నెగటివులను సేకరించింది. 2006లో భారత తపాలా శాఖ ఈయన స్మారకార్థము తపాలా బిళ్ళను విడుదల చేసింది.