పంటి విలువ తెలిసిన హకీం – అబుల్ ఖాసిం జహ్రావీ (రహ్మ)

ఇబ్నె సీనా, జకరియ్యా రాజీల పేర్లు మన ఇళ్ళలో చాలామంది వినే ఉంటారు. యూనానీ దవాఖానాకు వెళ్ళివచ్చేవారికైతే ఆ పేర్లు కొత్త కాదు. కానీ జర్రాహీ విషయంలో, అంటే కత్తి పట్టి చేసే చికిత్సలో, వారిద్దరికన్నా ముందు చెప్పుకోవలసిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే అందలూస్ (నేటి స్పెయిన్) దేశానికి చెందిన హకీం అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ (రహ్మ). యూరప్ వాళ్ళు ఆయన పేరును తమ నాలుకకు అనువుగా మార్చుకుని అబుల్కాసిస్ అని పిలుచుకున్నారు. ఊడిన పంటి స్థానంలో ఇంకో పన్ను పెట్టడం ఎలాగో వెయ్యేళ్ళ క్రితమే రాసిపెట్టిన వైద్యుడాయన.

క్రీ.శ. 936లో ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ ఖుర్తుబా (కార్డోవా) నగరానికి పడమటి దిక్కున, కొండవాలులో, మదీనతుజ్జహ్రా అనే కొత్త రాజనగరానికి పునాది వేశాడు. జహ్రావీ (రహ్మ) ఆ ఊరివారే. పేరు చివర ఉన్న జహ్రావీ అనే మాట అక్కడినుంచి వచ్చిందే. ఆయన జననం కూడా ఆ సంవత్సరం ప్రాంతంలోనే జరిగిందని చరిత్రకారులు అంచనా వేస్తారు. పేరుకు అన్సారీ అనే మాట కూడా జోడించి ఉండడాన్నిబట్టి, దైవప్రవక్త (స)కు ఆశ్రయమిచ్చిన మదీనా అన్సార్ల వంశానికి చెందినవారని చెబుతారు. అప్పటి ఖుర్తుబా అంటే విద్యలకు పుట్టినిల్లు. ఖలీఫా రెండో హకం గ్రంథాలయంలో నాలుగు లక్షల సంపుటాలు ఉండేవని చరిత్రకారులు రాశారు. ఆ లెక్క కొంత పెంచి చెప్పిందే అయినా, పుస్తకం మీద అంత మక్కువ ఉన్న నగరం అది.

జహ్రావీ (రహ్మ) వ్యక్తిగత జీవితం గురించి పాత గ్రంథాలు చెప్పింది కొద్దిగానే. ఆయన తర్వాతి తరానికి చెందిన హుమైదీ అనే పండితుడు తన చరిత్ర గ్రంథంలో ఆయనను ధర్మనిష్ఠ, విద్య రెండూ ఉన్న వ్యక్తిగా పేర్కొని, హిజ్రీ 400 తర్వాత మరణించారని రాశాడు. ఖుర్తుబాకే చెందిన ప్రసిద్ధ పండితుడు ఇబ్నె హజ్మ్ ఆయన గ్రంథాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. క్రీ.శ. 1013లో ఆయన కన్నుమూశారన్నది ఎక్కువగా వినిపించే మాట. అప్పటికే అంతర్యుద్ధంలో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై శిథిలమైపోయింది. ఊరు పట్టుమని ఎనభై ఏళ్ళయినా నిలవలేదు. ఆ ఊరివాడు రాసిన పుస్తకం మాత్రం అనేక శతాబ్దాలపాటు నిలిచింది.

ఆ పుస్తకం పేరు 'కితాబుత్తస్రీఫ్'. పూర్తి పేరులోని భావం, వైద్యగ్రంథం కూర్చుకునే స్తోమత లేనివారికి ఒక ఏర్పాటు అని. ముప్పై భాగాలు. రోగాలు, మందులు, పథ్యాలు, తైలాలు, పంటి చూర్ణాలు, ఇలా ఎన్నో విషయాలు. చిట్టచివరి ముప్పయ్యో భాగం జర్రాహీ. దాన్ని చివరన పెట్టడంలో ఆయన ఉద్దేశం ఉంది. మిగతా వైద్యమంతా నేర్చిన తర్వాతే కత్తి ముట్టాలన్నది ఆయన నియమం. ఇందులో సుమారు రెండు వందల పరికరాల బొమ్మలున్నాయి. శిష్యులను ఆయన నా బిడ్డలారా అని సంబోధిస్తూ ముందుకు సాగుతారు. బొమ్మ చూసి కంసాలి చేతనో కమ్మరి చేతనో పరికరం చేయించుకోవచ్చు. దూరాన ఉన్న శిష్యుడికి ఇంతకన్నా మేలు ఏముంటుంది?

ఆ భాగం ముందుమాట చదివితే, ఆయన ఎందుకు కలం పట్టారో అర్థమవుతుంది. తన కాలంలో తన దేశంలో జర్రాహీ విద్య దాదాపు అడుగంటిపోయిందని ఆయన బాధపడ్డారు. శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టిన వారి చేతుల్లో ప్రాణాలు పోయిన సంఘటనలు ఒక్కొక్కటిగా రాశారు. ఒకడు ఓ స్త్రీ మెడ మీది గడ్డ కోయబోయి రక్తనాళం తెంచేశాడు. ఆమె అతని ముందే ప్రాణం విడిచింది. తమ విద్యవారి తప్పులను ఇలా బయటపెట్టడానికి ధైర్యం కావాలి. డబ్బు మీద ఆశతో సాధ్యం కాని వైద్యానికి చేయి చాచవద్దని శిష్యులను గట్టిగా హెచ్చరించారు.

అలాగని ఆయన భయస్థుడు కాదు. ఒక బానిస యువతి తన గొంతు తానే కోసుకున్నప్పుడు ఆయనను పిలిపించారు. గాయంలోంచి ఊపిరి వస్తోంది. పెద్ద రక్తనాళాలు తెగలేదని చూసుకుని ఆయన కుట్లు వేశారు. ఆ అమ్మాయి బతికింది. గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది. గొంతుగొట్టం మీద గాయం ప్రాణాంతకమే కానవసరం లేదని ఆయన దీన్నిబట్టి నిర్ధారించుకున్నారు.

ఇప్పుడు పళ్ళ సంగతికి వద్దాం. ఇక్కడే ఆయన ఓపిక, నేర్పు రెండూ కనిపిస్తాయి. పన్ను నొప్పి పెట్టగానే పీకేయకూడదన్నది ఆయన మొదటి మాట. పన్ను చాలా శ్రేష్ఠమైనది, పోయిందంటే దానికి సాటి వచ్చేది లేదు కాబట్టి, వీలున్న చికిత్సలన్నీ చేసి చూడాలంటారు. ఇక పీకక తప్పదనుకున్నప్పుడు ఏ పన్ను నొప్పి పెడుతోందో బాగా నిర్ధారించుకోవాలి. ఎందుకంటే నొప్పి రోగిని మోసం చేస్తుంది. మంచి పంటిని చూపించి ఇదే అంటాడు. దాన్ని పీకినా నొప్పి పోదు. చివరికి చెడిన పన్ను కూడా పీకవలసి వస్తుంది. హజ్జాములు, అంటే కొమ్ములు పెట్టి రక్తం తీసే క్షురకులు, ఇలా చేయడం ఆయన కళ్ళారా చూశారు. పంటి చుట్టూ చిగురును ముందు వదులు చేయడం, కొద్దికొద్దిగా కదిలించడం, తర్వాతే పెద్ద పట్టకారుతో నిటారుగా లాగడం – ఇదీ ఆయన పద్ధతి. తొందరపడి లాగేవాళ్ళు పన్ను విరగ్గొట్టి వేళ్ళు లోపలే వదిలేస్తారని, ఒక్కోసారి దవడ ఎముక ముక్క కూడా ఊడి వస్తుందని ఆయన కోపంగానే రాశారు. నేటికీ సంతల్లో, రోడ్డు పక్కన గొనె పరిచి కూర్చుని పన్ను పీకేవాళ్ళ దగ్గరకు వెళ్ళేవారు ఈ మాటలు వింటే బాగుండును.

పళ్ళకు పట్టే గార గురించి ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశారు. పళ్ళ లోపలివైపు, బయటివైపు, చిగుళ్ళ మధ్య గరుకైన పొరలు పేరుకుంటాయి, నల్లగానో పచ్చగానో మారతాయి, చివరికి చిగురును చెడగొడతాయి. రోగిని కూర్చోబెట్టి, తల తన ఒడిలో పెట్టుకుని, ఆ గారను పూర్తిగా పోయేదాకా గీకాలన్నారు. ఒక రోజులో పోకపోతే రెండో రోజు, మూడో రోజు. దీనికోసం పద్నాలుగు రకాల గీకుడు పరికరాల బొమ్మలు వేశారు. లోపలివైపు గీకే పనిముట్టు బయటివైపుకు పనికిరాదు కదా! చిగుళ్ళ జబ్బుతో పళ్ళు వదులై రాలిపోవడానికి ఈ గార కూడా ఒక కారణమని నేటి దంతవైద్యులూ చెబుతారు. మిస్వాక్ అలవాటున్న సమాజంలో కూడా ఆయనకు ఈ అధ్యాయం రాయవలసి వచ్చిందంటే, వుజూలో పైపైన పుక్కిలించి సరిపెట్టుకునేవారు ఆ కాలంలోనూ ఉండేవారేమో.

దెబ్బ తగిలో, కింద పడో ముందరి పళ్ళు ఊగిపోతుంటే ఏం చేయాలి? మందులతో కుదుటపడకపోతే వాటిని తీగతో కట్టాలి. ఆ పద్ధతిని ఆయన వివరించిన తీరు చూస్తే, పక్కన నిలబడి చేయించినట్టే ఉంటుంది. పళ్ళ సందుల్లో దూరేటంత సన్నని తీగ తీసుకోవాలి. ఒకవైపున గట్టిగా ఉన్న పంటి దగ్గర మొదలుపెట్టి, ఊగే పళ్ళ మధ్యగా అల్లుకుంటూ, అవతలివైపు గట్టి పంటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తేవాలి. చేయి మెత్తగా ఆడాలి, కట్టు మాత్రం గట్టిగా పడాలి. తీగ జారిపోకుండా పంటి మొదట్లో బిగించాలి. మిగిలిన కొసలు కత్తిరించి, మెలిపెట్టి, నాలుకకు గుచ్చుకోకుండా పళ్ళ మధ్యలో దాచేయాలి. ఆ కట్టు బతికున్నంతకాలం అలాగే ఉండవచ్చు. తెగితే మళ్ళీ కట్టించుకోవాలి. తీగ వెండిదైనా ఫరవాలేదు, బంగారమైతే మేలు. వెండి కొద్ది రోజుల్లోనే చిలుము పట్టి పాడవుతుంది, బంగారం ఎప్పటికీ అలాగే ఉంటుంది.

ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. హదీసు గ్రంథాల్లో హజ్రత్ అర్ఫజా (రజి) వృత్తాంతం ఉంది. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొంతకాలానికి అది వాసన వేయడం మొదలైంది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు పెట్టుకోమని ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం కొద్దీ ఇక్కడ సడలింపు లభించింది. దీన్ని దృష్టిలో పెట్టుకునే ధర్మవేత్తలు పంటికి బంగారు కట్టు విషయం చర్చించారు. వెండితో అవసరం తీరుతుంది కాబట్టి బంగారం వద్దని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) బంగారమూ సమ్మతమే అన్నారు. వెండితో నిజంగా అవసరం తీరుతుందా లేదా అన్నదే ఇద్దరి మధ్య ప్రశ్న. జహ్రావీ (రహ్మ) ధర్మశాస్త్రం రాయలేదు. కానీ నోటి తడిలో వెండి ఏమవుతుందో కంటితో చూసి చెప్పారు.

ఊగే పన్ను సరే, ఊడిపోయిన పన్ను మాటేమిటి? ఊడిన పంటినే మళ్ళీ దాని చోట ఉంచి ఇదే విధంగా కడితే నిలబడుతుందని ఆయన రాశారు. అదీ లేనప్పుడు ఎద్దు ఎముకను పంటి ఆకారంలో చెక్కి, ఖాళీలో పెట్టి, తీగతో పక్క పళ్ళకు కట్టాలి. అది నిలుస్తుంది, మనిషి చాలాకాలం వాడుకుంటాడు. నేర్పున్న పనివాడే దీన్ని చేయాలని మాత్రం షరతు పెట్టారు. తెలుగులో మనం పన్ను కట్టించుకోవడం అంటాం, కట్టుడు పళ్ళు అంటాం. ఆ మాట అక్షరాలా నిజమైన కాలమది.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంప్లాంట్‌ను కనిపెట్టింది జహ్రావీయే అని కొందరు ఉత్సాహం కొద్దీ అంటుంటారు. అది సరికాదు. బంగారు పట్టీలతో పళ్ళు నిలబెట్టడం అంతకు ముందే ఇటలీలోని ఎట్రుస్కన్లకు తెలుసు. జహ్రావీ (రహ్మ) పెట్టిన ఎముక పన్ను చిగురు మీద, పక్క పళ్ళ ఆసరాతో నిలిచేది. ఈనాటి భాషలో అది బ్రిడ్జికి దగ్గర. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలోనే నాటే లోహపు మేకు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి పరిశోధిస్తుండగా, అది ఎముకతో కలిసిపోయి ఊడి రాలేదు. ఆ అనుభవంతో 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మేకులు నాటారు. మామూలుగా మేకు నాటాక ఎముక దాన్ని పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగి, అప్పుడు పైన పన్ను బిగిస్తారు. ఆ మహనీయునికి లేని గొప్పను మనం అంటగట్టనవసరం లేదు. ఉన్న గొప్పే చాలు.

ఇంప్లాంట్ చేయించుకోవాలనుకునే సోదర సోదరీమణులకు ఒక సూచన. టైటానియం విషయంలో ఇబ్బందేమీ లేదు. అయితే దవడ ఎముక అరిగిపోయి ఉంటే అక్కడ ఎముక పొడి నింపుతారు, పైన పొర వేస్తారు. ఇవి ఆవు ఎముకనుంచి తీసినవి ఉన్నాయి, పందినుంచి తీసినవీ ఉన్నాయి, కృత్రిమమైనవీ ఉన్నాయి. దేనితో తయారైందో ముందే డాక్టరును అడగండి, వేరేది దొరుకుతుంది. ఇక బిగించిన పన్ను శరీరంలో భాగం లాంటిదే కాబట్టి గుసుల్‌కు ఆటంకం కాదని, తీసి పెట్టుకునే పళ్ళ సెట్టునైతే విధి గుసుల్ వేళ తీసి నోరు పుక్కిలించాలని ధర్మపండితులు చెబుతారు.

తస్రీఫ్ గ్రంథంలోని జర్రాహీ భాగాన్ని పన్నెండో శతాబ్దంలో తులైతులా (టొలేడో) నగరంలో గెరార్డ్ అనే ఇటలీ పండితుడు లాటిన్ భాషలోకి అనువదించాడు. ఫ్రాన్సు వైద్యుడు గీ ద షోలియాక్ 1363లో రాసిన తన గ్రంథంలో జహ్రావీ పేరును సుమారు రెండు వందల సార్లు ప్రస్తావించాడు. 1465లో ఉస్మానీ వైద్యుడు షరఫుద్దీన్ సబుంజుఒగ్లు దీని ఆధారంగానే తుర్కీ భాషలో బొమ్మలతో శస్త్రచికిత్స గ్రంథం రాశాడు. 1497లో వెనీసులో లాటిన్ ప్రతి అచ్చయింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ మూలం, లాటిన్ అనువాదం కలిపి ముద్రించారు. 1973లో లండన్‌లో ఆంగ్లంలో వచ్చింది. మదీనతుజ్జహ్రా శిథిలాలను 1911 నుంచి తవ్వి వెలికితీశారు, 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత దూరం వెళ్ళలేనివారికి మన దేశంలోనే పాట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయం ఉంది. పరికరాల బొమ్మలతో కూడిన తస్రీఫ్ చేతిరాత ప్రతి ఒకటి అక్కడ భద్రంగా ఉంది.