ముసవ్విర్ జంగు రాజా దీనదయాళు

హైదరాబాదు నగరముయొక్క పూర్వరూపమును చూడగోరువారు నేడు చార్మినారు కడకు పోయి నిలిచినంతమాత్రమున లాభము లేదు. కట్టడము నిలిచియే యున్నది గాని దాని చుట్టునున్న వీథులును, ఆ వీథులయందు సంచరించిన జనులును, వారి వేషభాషలును, వాహనములును మాఱిపోయినవి. పందొమ్మిదవ శతాబ్దపు తుదిభాగమున ఆ నగరమెట్లుండెనో తెలిసికొనుటకు మనకు గల సాధనములలో గాజుపలకలు ముఖ్యమైనవి. ఆ పలకలపై నగరమును నిలిపిన మహాశిల్పి రాజా లాలా దీనదయాళు. ఈయన పేరు విననివారు మనలో నరుదు. చరిత్రము నెఱిగినవారును నరుదే. కావున నీ సంచికయందు ఆయన జీవితమును సంగ్రహముగా వ్రాయ బూనితిమి.

ఈయన హైదరాబాదులో బుట్టినవాడు కాడు, దక్షిణాపథమున బుట్టినవాడును కాడు. ఉత్తరదేశమున మీరటు నగరమునకు సమీపమున సర్దనా యను నూరు కలదు. అచ్చట రత్నవ్యాపారముచేసెడి జైనకుటుంబమునందు 1844వ సంవత్సరమున జన్మించెను. రత్నపరీక్షకునకు వెలుగు నెట్లు చూడవలెనో బాల్యమునుండియు దెలియును. ఏ మూలనుండి కాంతి పడిన రాయి నిజస్వరూపము బయటపడునో వాని కన్ను కనిపెట్టును. ఈ కులవిద్య తరువాత నాయనకు నుపకరించియుండు నని మేము తలంతుము. అయినను ఆయన దుకాణమున గూర్చుండలేదు. రూర్కీయందలి థామసన్ కళాశాలలో కట్టడనిర్మాణవిద్య నభ్యసించి, 1866లో ఇందూరు సంస్థానమునందలి మరామతు శాఖలో ప్రవేశించెను. కట్టడముల నక్షాలు గీయుటయు, వాని ఖర్చుల యంచనాలు వేయుటయు నాయన పని. మంచి యుద్యోగము, నెలతిరుగగానే జీతము, వృద్ధాప్యమున పింఛను. ఈ మూడును గలిగిన పిమ్మట మనుష్యునకు వేఱొక కోరిక యుండరాదని నేటికిని మన యిండ్లలో పెద్దలు తలచుచుందురు గదా!

దీనదయాళునకు వేఱొక కోరిక కలిగెను. 1874 ప్రాంతమున ఆయన కెమెరాను చేతబట్టెను. మొదట నది వినోదముగానే యుండెను. ఇందూరు ప్రభువైన రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన నేర్పును గుర్తించి యాదరించెను. మధ్యహిందూస్థానమున గవర్నరు జనరలునకు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించెను. ఆ పదవికే పిమ్మట వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ ఆయనను వెంటబెట్టుకొని బుందేలుఖండమున సంచరించి, అచ్చటి ప్రాచీన దేవాలయములను దుర్గములను చిత్రింపించెను. ఆ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి. కట్టడముల కొలతలు తెలిసినవాడగుటచేత ఈయన తీసిన గోపురము వంగి కనబడదు, గోడ పడిపోవుచున్నట్లుండదు. ఈ కాలమునందే ఆయన ప్రభుత్వోద్యోగమును వదలుకొనెను. అప్పటికి వయస్సు నలువది. భార్యాపుత్రులు గల గృహస్థు. మన దేశమున నప్పటికి ఛాయాచిత్రములు దీయు వృత్తి తఱుచుగా నాంగ్లేయులచేతిలో నుండెను. వారితో పోటీపడి జీవింపగలనని నమ్ముటకు గొప్ప సాహసము కావలయును.

ఆనాడు చిత్రము దీయుట యెట్టి శ్రమయో నేటి బాలురకు దెలియదు. మేము పాఠశాలయందు పనిచేసిన కాలమున ఏటేట తరగతి పటము తీయించుచుంటిమి. కదలవలదని చెప్పిన యొక్క క్షణమైనను కదలక నిలువలేని బాలురను చూచి విసిగితిమి. దీనదయాళు పని మొదలిడిననాడు ఒక్క క్షణము చాలదు, అనేక క్షణములు కదలకుండవలెను. గాజుపలకపై కొలోడియను అను జిగురుద్రవమును సమముగా పోసి, వెండిక్షారపు నీళ్లలో ముంచి, తడి యాఱకముందే కెమెరాలో నుంచి చిత్రము దీసి, వెంటనే చీకటిగుడారములోనికి గొనిపోయి కడుగవలెను. ఆలస్యమైన పలక పాడగును. వైశాఖమాసపు టెండలో తడి యెంతసేపు నిలుచును? కావున చిత్రకారుడెచ్చటికి బోయినను గుడారమును, మందుసీసాలును, నీళ్లును, పలకల పెట్టెలును బండ్లమీద వెంటరావలసినదే. పలకలోని చిత్రమును పెద్దదిగా చేయుపద్ధతి యప్పటికి వాడుకలో లేదు. పెద్ద పటము కావలెనన్న నంత పెద్ద పలకయే కావలెను. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ఆ పలకను మోపి, యెండలో నుంచి, బంగారుక్షారముతో వన్నె దీర్చెడివారు.

పొడిపలకలు వచ్చిన పిమ్మట నీ శ్రమ కొంత తగ్గెను. ఆ మార్పు నగరచిత్రములయందు స్పష్టముగా గనబడును. తడిపలకల కాలమున రాజవీథిని చిత్రించిన, నడచువారు చిత్రమున నిలువక పొగవలె చెరగిపోయెడివారు. పట్టణము నిర్జనముగా దోచెడిది. పొడిపలకతో నడచువాడు నిలిచెను, బండి నిలిచెను, ఎద్దు మెడ యెత్తిన భంగిమ నిలిచెను. దీనదయాళు హైదరాబాదునకు వచ్చుసరికి నీ సౌకర్యము కలిగినది. ఇది మన యదృష్టము.

సూర్యుని తేజమును భరింపలేక సంజ్ఞాదేవి తన ఛాయను భర్తయొద్ద నిలిపి తాను తొలగిపోయెనని పురాణకథ. ఛాయాచిత్రమను పేరు పెట్టినవారెవరో గాని ఆ కథ వారి మనస్సున మెదలియుండునని మాకు దోచును.

1886 ప్రాంతమున ఆయన సికిందరాబాదునందు చిత్రశాలను నెలకొల్పెను. నాటి ప్రభువు ఆఱవ నిజాము మీర్ మహబూబు అలీఖాను. యువకుడు, వేటయందును వేషమునందును ప్రీతిగలవాడు, ఉర్దూ కవి. ఆయనకు దీనదయాళు చిత్రములు మిక్కిలి నచ్చెను. 1894లో రాజా బహద్దరు ముసవ్విర్ జంగు అను బిరుదము నిచ్చెను. ముసవ్విరు అనగా చిత్రకారుడు. జంగు అనగా యుద్ధము. కత్తి పట్టనివానికి ఇట్టి బిరుదమేమని నవ్వువారు నవ్వవచ్చును గాని, పైన జెప్పిన గుడారములను, మందుసీసాలను దలచుకొన్న నీ బిరుదము తగియే యున్నది. 1897లో విక్టోరియా రాణియు నాయనకు రాజచిత్రకారపదవి నొసగెను. అప్పటికే ఇందూరునందును, సికిందరాబాదునందును, 1896 నుండి బొంబాయియందును ఆయన శాలలు నడచుచుండెను.

ఆయన దర్బారు చిత్రకారుడు మాత్రమే యని, ప్రభువులను సంతోషపెట్టుటయే యాయన పని యని కొందఱు విమర్శకులు తేలికగా వ్రాయుదురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. నిజాము వేటలు, దొరల విందులు, సేనల కవాతులు, ఫలకనుమా మేడలోని దీపవృక్షములు, ఇవి యాయన సంపుటములలో పుష్కలముగా నున్నవి. 1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు భార్యాసమేతముగా మన వరంగల్లు సీమయందలి నెక్కొండ యడవికి వేటకు వచ్చినపుడు, చంపిన పులితో దంపతులు నిలిచిన చిత్రము నాయన తీసినదే, అది లోకప్రసిద్ధము. ఆ కాలమున వానికి ధనమిచ్చువారు ప్రభువులే. గాజుపలకలు ఊరక రావు.

అయినను ఆ సంపుటములను నిదానముగా తిరుగవేయుడు. చార్మినారు చిత్రమున కట్టడము మధ్య నున్నది. దాని క్రింద బండ్లు, బాటసారులు, అంగళ్ల నీడలో గూర్చున్నవారు. (ఇచ్చట నొక సంగతి. చార్మినారుపై నాలుగు దిక్కుల గడియారములు 1889లో అమర్పబడినవి. కావున గడియారము లేని చార్మినారు చిత్రమేదైన గనబడిన నది యంతకు ముందుదని చదువరులు సులభముగా పోల్చుకొనవచ్చును.) మక్కామసీదు, హుస్సేనుసాగరపు కట్ట, గోలకొండ సమాధులు, రెసిడెన్సీ భవనపు పెద్ద స్తంభములు, ఇవన్నియు నాయన దృష్టికి వచ్చినవే. ఏనుగు చిత్రమున మావటివాడున్నాడు. గుఱ్ఱము చిత్రమున సాయిసున్నాడు. దొరల విందున వెనుక గోడకానుకొని వడ్డించువాడున్నాడు. దొరలు తమ ముఖములను సిద్ధపఱచుకొని కూర్చుండిరి. ఈ వెనుకనున్నవారు తమ ముఖములతోనే నిలిచిరి. సహజజీవనము చూడగోరువారు అటువైపు చూడవలెను.

చిత్రము క్రింద నవాబుగారి పేరు, బిరుదములతో సహా, యుండును. గుఱ్ఱమునకుగూడ నొకప్పుడు పేరుండును. సాయిసునకు లేదు. ఇది దీనదయాళు తప్పని మేము నిందింపము. ఆ కాలపు రీతి యది. కాని ఆయన కెమెరా యెవనిని విడువలేదు, పేరు వ్రాసిన కలమే విడిచినది. ఈ భేదమును విమర్శకులు గమనింపవలెను.

1892లో ఆయన చేసిన కార్యమొకటి ప్రత్యేకముగా జెప్పదగియున్నది. గోషాస్త్రీలు పరపురుషుని యెదుట చిత్రము తీయించుకొనరు. వారికొఱకు ఎత్తైన గోడల నడుమ వేఱుగా నొక చిత్రశాలను గట్టించి, కెనీ లెవిక్ అను నాంగ్లేయ వనితను దానికి నిర్వాహకురాలిగా నియమించెను. అచ్చట పనిచేయువారందఱును స్త్రీలే. మన పురాణమున ఉషాకన్య కలలోని ప్రియుని గుర్తించుటకై చిత్రలేఖ లోకమునందలి రాజకుమారుల రూపములను వ్రాసి చూపెను. స్త్రీ చిత్రకారిణి యగుట మనకు క్రొత్త కాదు. కాని వృత్తిగా, జీతమునకు, స్త్రీలు కెమెరా వెనుక నిలుచుట యానాటికి వింతయే. ఆ చిత్రములలో ననేకము లంతఃపురములు దాటి వెలుపలికి రాకుండుట సహజము.

ఆయన పలకలపై సంపద మాత్రమే కలదనుకొనరాదు. నిజాము రాజ్యమున నప్పటికి చేరియుండిన ఔరంగాబాదు జిల్లాలో క్షామనివారణకై జరిగిన పనులును ఆయన శాలవారిచే చిత్రింపబడినవి. 1899-1900 నాటి కఱవు దక్కనును పీల్చివేసినది. ప్రభుత్వము తాను చేసిన మేలును చూపుటకై తీయించిన చిత్రములే యవి. అయినను, ఎముకలు బయటపడిన శరీరములు ఎవరి మాటనైన వినునా? కెమెరా యెదుట నవి తమ కథను తామే చెప్పుకొనినవి. ఫలకనుమా దీపవృక్షములను, ఈ శరీరములను ఒకే శాలవారి కెమెరా చూచినదని తలచుకొన్నప్పుడు మాకు చాలసేపు వేఱొక యాలోచన రాదు.

తుదిదినములు సుఖముగా గడవలేదు. బొంబాయియందు శాల తెఱచిన సంవత్సరమే ఆ నగరమున మహామారి ప్రవేశించెను. 1903 ఢిల్లీ దర్బారును ఆయన సంస్థవారు చిత్రించిరి. మఱుసటి యేట కుమారుడు ధరమ్‌చందు మరణించెను. తండ్రి పక్కన నిలిచి పని నేర్చిన కుమారుడు. ఆ శోకమునుండి తండ్రి తేఱుకొనలేదు. 1905 జూలై నెలలో బొంబాయియందు దీనదయాళు పరమపదించెను. ఆయన యితర కుమారుడు జ్ఞానచందు సంస్థను నడపెను గాని పూర్వవైభవము మరల రాలేదు. చిన్నకెమెరాలు ఇంటింట ప్రవేశించుచుండెను, ప్రభువులు మాఱిరి.

ఆయన పోయిన మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది పొంగి నగరముపై బడెను. పదునైదువేల ప్రాణములు పోయినవని యంచనా. నదిపై నున్న వంతెనలలో పురానాపూలు తక్క తక్కినవి కొట్టుకొనిపోయెను. తీరమునందలి పేటలకు పేటలే మట్టిలో గలిసినవి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరదలు మరల రాకుండుటకై జలాశయములు కట్టవలెనని యోచన చెప్పుటయు, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇరుకుసందులను తొలగించి విశాలమైన వీథులు వేయుటయు జరిగెను. మంచిపనులే. కాని వరద విడిచిన పాతనగరములో కొంత భాగమును ఈ సంస్కరణమును తీసికొనిపోయెను. అందుచేత 1908కి ముందు తీసిన ప్రతి పలకయు నిప్పుడొక దస్తావేజు వంటిది. ఇచ్చటి మట్టిలో బుట్టనివాడు ఆయన. ఇచ్చట బుట్టిన మనవారిలో నెవరును అంత శ్రద్ధతో ఈ నగరమును చూచి దాచినట్లు మాకు గానరాదు. ముల్కీ, గైరుముల్కీ వాదము నిజాము కాలమునుండియు వినుచున్నారము. ఈయన విషయమున నా వాదము నెత్తువారు మాకు కనబడలేదు.

ఆయన సంస్థలో మిగిలిన పలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు కొని భద్రపఱచిరి. 2006లో తపాలాశాఖవారు ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించిరి. కాగితముపై నచ్చొత్తిన ప్రతులు దేశవిదేశముల గ్రంథాలయములయందును, హైదరాబాదులోని పాతకుటుంబముల పెట్టెలయందును చెదరియున్నవి. మన సభ్యులలో నెవరి యింటనైన ఆ సంస్థ పేరు గల పటము లున్నయెడల, అందున్నవారిని గుర్తింపగల వృద్ధులు జీవించియుండగానే, ప్రభువుల పేర్లతో బాటు వెనుక నిలిచినవారి పేర్లనుగూడ పటము వెనుక పెన్సిలుతో వ్రాయించి యుంచవలసినదిగా కోరుచున్నాము. సిరాతో వ్రాయరాదు, అది కాగితమునందు దిగి కొన్నియేండ్లకు ముఖములపైకి తేలును.