బ్రౌన్ దొర అప్పులు

ఈ యేటి సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు నేను సి.పి. బ్రౌన్ పేరు చెప్పాను. నా రూమ్మేటుకు కోపమొచ్చింది. మాది ఆళ్లగడ్డ దగ్గరి పల్లె, వాడిది కోవెలకుంట్ల వైపు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరిగిన నేల మీద పుట్టి, ఆయన్ను ఉరితీసిన కంపెనీ ఉప్పు తిన్న దొర గురించి రాస్తావా అని నిలదీశాడు. ప్రశ్న న్యాయమైనదే. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో రెడ్డిగారిని ఉరితీసిననాడు బ్రౌన్ మద్రాసులో ఆ కంపెనీ కొలువులోనే ఉన్నాడు. ఆ సంగతి దాచిపెట్టి ఆయన్ను పొగడటం నాకిష్టం లేదు. అయినా రాస్తున్నాను. కారణం కాస్త స్వార్థమే, మధ్యలో చెప్తాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషలు తెలిసినవాడు. కొడుక్కు చిన్నప్పుడే హిబ్రూ, పర్షియన్ వంటివి నేర్పించాడు. 1812లో ఆ తండ్రి పోయాడు. చార్లెస్‌కు అప్పుడు పదమూడేళ్లు. పెద్ద సంసారం, వెనకేసిన ఆస్తి పెద్దగా లేదు. అందరూ ఇంగ్లండు చేరారు. అక్కడ కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817లో మద్రాసులో దిగాడు. ఆ వయసుకు ఆయనకు ఒక్క తెలుగు ముక్క రాదు. కంపెనీ కాలేజీలో నేర్చుకుని, పరీక్ష పాసై, 1820లో కడపకు కలెక్టరు కింద ఉద్యోగిగా వచ్చాడు. అప్పట్లో మా కోవెలకుంట్ల తాలూకా కూడా కడప జిల్లాలోదే. 1858లో గాని కర్నూలులో కలవలేదు, మొన్న 2022లో నంద్యాల జిల్లా అయింది. కనుక దొర మనకు మరీ పరాయి జిల్లావాడేమీ కాదు.

అప్పటికి ఆయనకొచ్చింది కచేరీ తెలుగు. అర్జీలు చదవడానికి, రైతులతో మాట్లాడటానికి చాలుతుంది గాని, పద్యం ముందు పెడితే నోరు పెగలదు. 1824లో మచిలీపట్నంలో ఉండగా ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి రాసిన గ్రంథంలో వేమన పేరు కనబడింది. వెతకడం మొదలుపెట్టాడు. పండితులకు వేమన అంటే చిన్నచూపు. వ్యాకరణం లేదు, మోటు మాటలు, కూలోళ్లు పాడుకునే పద్యాలు అన్నారు. ఇరవై ఆరేళ్ల పరదేశి, భాష సగమే వచ్చినవాడు, ఆ భాషలో పుట్టి పెరిగిన పండితులు కాదన్నదాన్ని గొప్పది అనుకోవాలంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి. నేనైతే పుస్తకం మూసి పెట్టేసేవాణ్ణి.

ఆయన మూయలేదు. దొరికిన తాళపత్రాలన్నీ తెప్పించాడు. ఏ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు, ఉన్నా మాట మారిపోయింది. మేము ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ పట్టుకుని ఒకే కొలతను పదిసార్లు తీసుకుంటాం గదా, అట్లా ఒకే పద్యాన్ని ఎన్నో ప్రతుల్లో చూసి పోల్చాడు. కాకపోతే మాకు సగటు తీసే సౌకర్యముంది. పద్యానికి సగటు ఉండదు, ఏదో ఒక పాఠానికి కట్టుబడాలి. తప్పయితే పేరు తనదే పోతుంది.

1829లో 693 పద్యాలతో, ఇంగ్లీషు అనువాదంతో వేమన పద్యాలు అచ్చయ్యాయి. అందులో లోపాలున్నాయని తర్వాత ఆయనకే తెలిసింది. సిగ్గుపడి ఊరుకోలేదు, సమర్థించుకోనూ లేదు. మళ్లీ మొదటినుంచి కూర్చుని 1839లో 1164 పద్యాలతో కొత్త కూర్పు తెచ్చాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చింది ఈ పదేళ్లే.

ఇక డబ్బు సంగతి. 1826లో కడపకు తిరిగివచ్చాక తోట ఉన్న ఒక బంగళా కొన్నాడు. అందులో పండితుల్ని, లేఖకుల్ని పెట్టి జీతాలిచ్చి కావ్యాలు ఎత్తి రాయించాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివారు అక్కడ పనిచేశారు. దాన్ని జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆయనకు బదిలీ అయినా అక్కడ పని ఆగలేదు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే కడప పెద్దమనిషి అజమాయిషీ చూశాడు. ఈ ఖర్చుకు సర్కారు సొమ్ము కాదు, సొంత జీతం. జీతం చాలక వడ్డీకి అప్పు. పిల్లలకు ఉచితంగా బడులు కూడా నడిపాడు. పెళ్లి చేసుకోలేదు.

అప్పు అనే మాట రాస్తుంటే నా చెయ్యి కొంచెం ఆగింది. మా ఇంట్లో ఆ మాట వినబడితే అన్నం ముందర కూర్చున్నవాళ్లు లేచిపోతారు. కె.సి. కెనాల్ నీళ్లు చివరి మడికి అందని యేడు నాయన అప్పు తెచ్చి బోరు వేయించినాడు. నీళ్లు పడలేదు, వడ్డీ మాత్రం పడింది. అందుకే బ్రౌన్ అప్పుల్ని ఉత్త ధైర్యమని మెచ్చుకుంటూ రాయడం నాకు చేతకాదు. దొరకు నెలనెలా జీతం ఉంది, వానొచ్చినా రాకపోయినా వచ్చేది. మా నాయనకు అది లేదు.

అయితే దొరకు ఆ జీతం కూడా ఒకసారి పోయింది. 1832-33లో గుంటూరు సీమలో కరువొచ్చింది. పైవాళ్లు ఇబ్బంది అని మెత్తగా రాసినచోట ఆయన కరువు అనే రాశాడు. అది వాళ్లకు రుచించలేదు. 1834లో ఉద్యోగమూ ఊడింది. అప్పులు తలమీద పెట్టుకుని మరుసటి యేడు ఇంగ్లండు పోయాడు. ఇంకొకడైతే తెలుగు పేరెత్తేవాడు కాదు. ఆయన లండనులో కంపెనీ గ్రంథాలయంలో మూలబడిన దక్షిణాది రాతప్రతుల్ని వెలికితీసి మద్రాసుకు పంపే ఏర్పాటు చేశాడు! 1830ల చివర్లో పర్షియన్ అనువాదకుడిగా మళ్లీ ఇక్కడికి వచ్చి, 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. 1855లో ఆరోగ్యం చెడి పని మానుకుని వెళ్లిపోయాడు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న అక్కడే కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో గ్రంథాలయం వెలిసింది. వీలైతే పోయి చూడండి, నంద్యాల నుంచి ఒక్కపూట ప్రయాణం.

ఇప్పుడు నా స్వార్థం. రెండేళ్లుగా మా అవ్వ, నాయన, చేలో కూలికొచ్చేవాళ్లు మాట్లాడే సేద్యం మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నా. మూడు వందలు దాటినాయి. బి.యస్సీ. వాడికి ఇదేం పనని నవ్వుతారని ట్రంకుపెట్టె అడుగున పెట్టినా. పోయిన సంక్రాంతికి బ్రౌన్ నిఘంటువులో గొర్రు, గుంటక వెతికినా. రెండూ ఉన్నాయి. దొర పండితుల మాటలే కాదు, మా నాయన మాటలూ రాసుకున్నాడు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

వరికోతలప్పుడు కూలికి పోయి దాచుకున్న మూడు వేలు నా దగ్గరున్నాయి. నంద్యాలలో ఒక ప్రెస్సులో అడిగితే చిన్న పుస్తకానికి అంతకు రెండింతలవుతుందన్నారు. మిగతాది అప్పు తేవాలా అని ఒక వారం మథనపడి, తేకూడదనుకున్నాను. బ్రౌన్ అప్పు చేశాడు గదా అని రూమ్మేటు ఎగతాళి చేసినాడు. చేసుకోనీ. ఆ మూడు వేలల్లో కొంత పెట్టి నోటుబుక్కు జిరాక్సులు మాత్రం తీయించి, ఒకటి మా తెలుగు మాస్టారికిచ్చినా. నాలుగో రోజు పిలిచి వెనక్కిచ్చారు. ప్రతి పేజీలో ఎర్రసిరా. నలభై మాటలకు అర్థం తప్పు రాసినానట, పదకొండు మాటలు ఆయన కూడా ఎన్నడూ వినలేదట. ఆ పదకొండూ ఇంకో ఊళ్లో వాడుతారో లేదో అడిగి రమ్మన్నారు.

ఈ ఆదివారం చాగలమర్రి వైపు పోతున్నాను. రూమ్మేటు కూడా వస్తానంటున్నాడు, బస్సు చార్జీ నేనే పెట్టుకుంటే.