మార్కులకు అందని మనిషి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన కృష్ణా డెల్టాలో బోదకాలు అంటే తెలియని ఊరు లేదు. ఆ జబ్బు రాకుండా ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్రలు మనలో చాలామంది మింగినవాళ్ళమే. ఆ మందును లోకానికి అందించిన పరిశోధనకు నాయకుడు మన తెలుగువాడేననీ, ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పాడనీ మనలో ఎంతమందికి తెలుసు?

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ ఉద్యోగి. జబ్బుపడి ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. చదువు మీద మనసు నిలవని సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్ గట్టెక్కారు. ఆ పట్టుదల తల్లిదే.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బే ఆయనకూ వచ్చి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తగ్గింది.

విదేశీ వస్త్రాలు మానండన్న గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ పనికి వెళ్ళారు. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. రేపు మనలో కొందరు నర్సింగులోనో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో, గుండె రక్తనాళాల స్కానింగ్ నేర్పే కోర్సులోనో చేరతారు. అక్కడ థియరీ, ప్రాక్టికల్, వైవా అన్నీ ఉంటాయి. థియరీలో జ్ఞాపకం తెలుస్తుంది. కాలి నాళంలో రక్తం ఎక్కడ ఆగిందో విద్యార్థి యంత్రంతో సరిగ్గా పట్టుకోగలడా లేదా అన్నది రోగి పక్కన నిలబెట్టి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ప్రాక్టికల్ కావాలి. కానీ అక్కడే పరీక్షించేవారి ఇష్టాయిష్టాలకు కూడా చోటు దొరుకుతుంది. ఏమి చూడాలో, దేనికెన్ని మార్కులో ముందే రాసిపెట్టుకుంటే ఆ చోటు తగ్గుతుంది. సుబ్బారావు గారి విషయంలో విద్యతోపాటు బట్ట కూడా తూకంలోకి వచ్చింది.

ఆయన కుంగిపోలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ఆర్థిక సహాయంతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో పోర్టరు పని. రోగుల పక్కలు మార్చడం, మూత్రపాత్రలు ఎత్తడం కూడా చేశారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఎవరు చేసినా, ఎవరి నమూనా అయినా కొలత ఒక్కటే. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు దీన్ని నేటికీ నేర్చుకుంటున్నారు. తనను సరిగ్గా కొలవని లోకానికి ఆయన సరైన కొలత నేర్పారు.

కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో వెలికితీశారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధనలకు డైరెక్టరయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందు. మన బడిలో ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నదీ అదే. 1947లో డి.ఇ.సి. వచ్చింది. బోదకాలు పురుగులు శోషరస నాళాల్లో చేరి ద్రవం పారకుండా చేస్తాయి, కాలు వాస్తుంది. డి.ఇ.సి. రక్తంలోని పురుగు పిల్లలను నశింపజేసి జబ్బు పాకకుండా చూస్తుంది. కాలు వాచిపోయాక మాత్రం దాన్ని మామూలుగా చేయలేదు. అందుకే జబ్బు ముదరకముందే మాత్ర మింగాలి. ల్యుకేమియా చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్ కూడా ఆయన నాయకత్వంలోని బృందం నుంచి వచ్చినవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే నిద్రలో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. స్వదేశానికి తిరిగి రానేలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున పెట్టె సర్దుకుని పనికి వెళ్ళిపోయే పిల్లలు మన హాస్టళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. మార్కులు అక్కర్లేదని నేను అనను. సుబ్బారావు గారు కూడా మూడోసారి కూర్చుని పాసయ్యాకే ముందుకు వెళ్ళారు. తప్పిన కాగితం ఆ ఏటి చదువుకే లెక్క, మీ బతుకంతటికీ కాదు. మీ గదిలో ఎవరైనా తప్పితే ఎగతాళి చేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాఠం మళ్ళీ చెప్పండి. వెంకమ్మ గారు చేసింది అదే.