విద్యార్థిగా ఘంటసాల

తెలుగునాట ఘంటసాల వేంకటేశ్వరరావు పాట వినని ఇల్లు అరుదు. ఆ గానవైభవానికి పునాది పడినది విజయనగరంలో, ఆయన ఆకలితో సాగించిన విద్యార్థి దశలో.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య మృదంగ విద్వాంసుడు. నారాయణతీర్థుల తరంగాలు గానం చేస్తూ కుమారుని భుజాలపై కూర్చుండబెట్టుకొని ఊరూరా తిరిగేవారు. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నదే ఆయన అంతిమ కోరిక. తండ్రి మరణించేనాటికి ఘంటసాల వయస్సు పదకొండేళ్ళే. సంగీతం నేర్చుకోవాలనే ఆశతో కొందరి ఇళ్ళలో పనులు చేసినా ఫలితం దక్కలేదు. చివరకు చేతి ఉంగరాన్ని అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరుకున్నారు.

విజయనగర సంస్థానాధీశులు 1919లో అక్కడ సంగీత పాఠశాలను స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. 1936 నుండి వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు ఆ బాధ్యతను వహించారు. ఘంటసాల వెళ్ళేసరికి అవి సెలవు దినాలు. నాయుడుగారు దయతలచి పాఠశాల ఆవరణలో ఉండనిచ్చారు. ఆ ఆశ్రయం కొద్దికాలమే నిలిచింది. ఆ బాలుడు గుడిలో తలదాచుకోవలసి వచ్చింది.

ఆ స్థితిలో ఆదరించిన వారు గాత్ర పండితుడు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరి చిన గురువుగారుగా ఆయన ప్రసిద్ధులు. శాస్త్రిగారు సంపన్నులు కారు. అయినా శిష్యునికి తమ ఇంట చోటిచ్చి, ప్రతిఫలం కోరకుండా విద్య నేర్పారు. భోజనం మాత్రం శిష్యుడే సంపాదించుకోవాలి.

ఆ రోజుల్లో పేద విద్యార్థులకు రెండు దారులుండేవి. వారంలో రోజుకొక ఇంట భోజనం చేయడం 'వారాలు'. ఇంటింటికీ వెళ్ళి పిడికెడు అన్నం స్వీకరించడం 'మధూకరం'. తుమ్మెద పూవు పూవునా తేనె సేకరించినట్లు విద్యార్థి ఇంటింటా అన్నం సేకరిస్తాడని ఆ పేరు వచ్చింది. ఘంటసాల భుజాన జోలె కట్టి మధూకరానికి వెళ్ళారు. చేయి చాచడానికి అభిమానం అడ్డువచ్చినా విద్య కోసం దానిని జయించారు. పెట్టిన గృహిణులకు ఆయన ఎవరో తెలియదు. చదువుకునే పిల్లవాడని తెలిస్తే చాలు, పెట్టేవారు. వసతిగృహం లేని విద్యార్థికి ఆ ఊరే వసతిగృహమైంది.

పాఠశాలలో చేరిన పిమ్మట సత్రంలో ఉచిత భోజనం లభించింది. గురుసన్నిధిలో పాఠం, ఆపై ఎడతెగని సాధన ఆయన దినచర్యగా మారాయి. సాహిత్య భావం చెడకుండా పాడాలన్నది శాస్త్రిగారి బోధన. ఘంటసాల పాటలో ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించడానికి ఆ శిక్షణ తోడ్పడింది.

పట్టా పుచ్చుకొని వెళ్ళిన ఘంటసాల క్విట్ ఇండియా ఉద్యమంలో కారాగారవాసం అనుభవించారు. ఆపై మద్రాసు చేరి 'స్వర్గసీమ' (1945) చిత్రంతో నేపథ్య గాయకులయ్యారు. 'పాతాళభైరవి' (1951) వంటి చిత్రాలకు సంగీతం సమకూర్చారు. 1970లో పద్మశ్రీ పురస్కారం పొందారు. గురువుగారి కుమారుడు సంగీతరావును తమ సంగీత సహాయకునిగా చేర్చుకొని చాలాకాలం కలిసి పనిచేశారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

ప్రతిభ ఘంటసాలదే. అయితే అది వికసించడానికి ఒక గురువు నీడ, పేరు తెలియని తల్లులు పెట్టిన పిడికెడు అన్నం తోడైనాయి. విద్యకు శ్రద్ధ ఎంత అవసరమో, విద్యార్థికి సమాజం అందించే చేయూత అంతే అవసరమని ఆయన జీవితం తెలుపుతున్నది.