అడిగి, అప్పగించిన మనిషి: బిషప్ అజరయ్య

మన మంచిర్యాలలోనో పెద్దపల్లిలోనో విజయవాడ రైలెక్కితే, కాజీపేట దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఆ చిన్న ఊరి పేరును దేశదేశాలకు తెలిసేలా చేసిన మనిషి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ప్రార్థన అంటే ఏమిటో ఆయన బతుకు చూసి నేర్చుకోవచ్చు.

ఆయన మనవైపు వారు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కల చదువు చదివారు. తీరా చివరి పరీక్ష సమయానికి జబ్బుపడ్డారు. డిగ్రీ రాలేదు. మనలో ఎందరికో తెలిసిన దుఃఖమే అది. ఆయన అక్కడే ఆగిపోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి, ఊరూరా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశారు.

1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్త సేవకులను పంపుతున్నారు. మనవాళ్లు ఎందుకు పంపరని ఆయన మనసు కలతపడింది. తిరిగొచ్చి మరుసటి ఏడాదే, 1903లో, తోటివారితో కలిసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించారు. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఇతరులను వెళ్లమని చెప్పేవాడు తాను వెళ్లకుండా ఉండొచ్చా? దేవుని చిత్తం ఏమిటో చూపమని అడిగేవారికి, జవాబు తమకే తగిలితే కష్టంగా ఉంటుంది. ఆయన ఇష్టపూర్వకంగా తలవంచారు. 1909లో మంచి పదవి వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు గారితో పిల్లలతో డోర్నకల్ చేరారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుడికి ఆ పదవేమిటని అడ్డుపడినవారు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు.

దేవుని చిత్తానికి లోబడటమంటే మనుషులు చేసే అన్యాయానికి లోబడటం కాదని ఆయన చేసి చూపించారు. అంటరానివారని తోసేసిన మాల, మాదిగ పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగారు. కుల భేదాన్ని సంఘంలోకి రానివ్వవద్దని బోధించారు. పేద తల్లులు వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు పక్కన పెట్టి సంఘానికి ఇచ్చేవారు. పేదవాడు కూడా ఇవ్వగలడన్న గౌరవం అందులో ఉంది. డిగ్రీ లేని ఈ మనిషికి 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మన దేశపు కట్టడ పద్ధతులు కలిపి కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది.

ఒక్క ప్రార్థనకు మాత్రం ఆయన జవాబు చూడలేదు. దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాతికేళ్లు పాటుపడ్డారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. సంఘం ఏర్పడింది. ఆయన విత్తిన చేను కోతకు వచ్చేసరికి ఆయన లేరు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఉద్యోగం కోసం, పరీక్ష కోసం, ఇంట్లో జబ్బుపడిన అమ్మానాన్నల కోసం మనం ప్రార్థిస్తాం. మనసు విప్పి అడగండి. చేతనైన పని మానకండి. ఆ తర్వాత సంగతి నమ్మకంతో దేవునికి అప్పగించండి. మనం అడిగినట్టు జరగలేదంటే వినలేదని కాదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు చేసిన ప్రార్థన అదే. డోర్నకల్‌లో అజరయ్య గారు బతికిన బతుకూ అదే. ఈసారి రైలు అక్కడ ఆగితే, దిగి ఆ గుడిని ఒకసారి చూసి రండి.